తంగేడాకు వెండి, ఏ549 కణాలు: నా ప్రాజెక్టు డైరీ

జులై 28

పుణెలోని జీవకణ పరిశోధన కేంద్రం ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించిన ఏ549 అనే ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలు ఫ్లాస్కు అడుగున గట్టిగా పట్టుకున్నాయి. ఇవాళ్టికి మూడో పాసేజ్, అంటే కొత్త ఫ్లాస్కులోకి మూడోసారి మార్చడం. మైక్రోస్కోపు కింద బండలు పరిచిన వాకిలిలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. 1972లో 58 ఏళ్ల మనిషి ఒకాయన ఊపిరితిత్తి కణితి నుంచి వీటిని వేరు చేశారు. మా నాన్న పుట్టింది కూడా ఆ ఏడే. అప్పటి నుంచి దాదాపు రోజుకోసారి రెట్టింపు అవుతూ దేశదేశాల ల్యాబుల్లో బతుకుతున్నాయి. ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ మనిషి గుర్తొస్తాడు.

చేయబోయే పని ఇది. తంగేడాకు రసంతో వెండి నానో రేణువులు తయారు చేసి ఈ కణాల మీద వేసి చూడాలి. ఈ కణాలను వెండి చంపుతుందన్న సంగతి ఇప్పటికే లెక్కలేనన్ని పేపర్లలో ఉంది. దాన్నే ఇంకో ఆకుతో ఇంకోసారి చెప్పడానికి మూడేళ్లు పెట్టాలని నాకు లేదు. చంపుతున్నది ఏది? రేణువా, రేణువు కరిగితే వచ్చే వెండి అయానా (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న వెండి పరమాణువు), రేణువుకు పూతలా అంటుకున్న ఆకు పదార్థమా? నాకు కావాల్సిన జవాబు ఇదొక్కటే.

మాట విషయంలో ఒక ఏర్పాటు. తెలుగులో సెల్‌ను కణం అంటాం, పార్టికల్‌నూ కణమే అంటాం. ఈ డైరీలో కణం అంటే జీవకణం. వెండిది ఎప్పుడూ రేణువే.

ఆగస్టు 5

నాన్న తెంపి నీడలో ఆరబెట్టిన ఆకు గోనెసంచిలో కట్టి జనగామ బస్సులో పంపాడు. సాయంత్రం ఉప్పల్‌లో దించుకున్నాను. సంచి విప్పగానే మా చెలక గట్టు వాసన.

తంగేడే ఎందుకని నా గైడ్ మేడమ్ అడిగారు. బతుకమ్మలో పేర్చే పువ్వు కాబట్టి అనలేదు, అది నా మనసులో మాట. చెప్పిన కారణం వేరు. తంగేడు పట్టతో తోలు ఊనడం మన దగ్గర తరతరాలుగా ఉన్న పని. తోలును గట్టిపరిచే ఆ టానిన్లు, వాటితోపాటు ఉండే ఫినాల్ జాతి పదార్థాలు ఎలక్ట్రాన్లను సులభంగా ఇచ్చేస్తాయి. వెండి అయాన్‌కు ఒక ఎలక్ట్రాన్ అందితే లోహపు వెండి అవుతుంది. ఆ వెండి పరమాణువులు గుంపు కట్టి రేణువు అవుతుంటే, అదే టానిన్ చుట్టూ పూత పట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది. అంటే కుండ చేసేదీ, కుండకు పూత పూసేదీ ఒకటే చెయ్యి.

పది గ్రాముల పొడిని వంద మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి వడకట్టాను. 17 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్‌ను వంద మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే ఒక మిల్లీమోలార్ ద్రావణం. తొమ్మిది పాళ్లు ఇది, ఒక పాలు ఆకు రసం. వెలుతురు తగలకుండా బీకరుకు ఫాయిల్ చుట్టి, పది నిమిషాలకోసారి విప్పి చూశాను. ముందు పలచని పసుపు, తర్వాత టీ రంగు, గంటన్నరకు చిక్కటి గోధుమ.

ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే యూవీ-విజిబుల్ యంత్రంలో 432 నానోమీటర్ల దగ్గర ఒక్కటే శిఖరం వచ్చింది. వెండి నానో రేణువులు సాధారణంగా 400, 450 మధ్యలోనే కాంతిని పీల్చుకుంటాయి. ఉపరితలంలోని ఎలక్ట్రాన్లన్నీ కాంతి తాకిడికి ఒక్కసారిగా ఊగడం వల్ల వచ్చే రంగు ఇది. బంగారమైతే 520 దగ్గర పీల్చుకుని ద్రాక్షసారా ఎరుపులో కనబడేది.

ఆగస్టు 14

సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి, అడుగుకు చేరిన ముద్దను మూడుసార్లు కడిగి, ఆరబెట్టి తూచాను. 71 మిల్లీగ్రాములు. చాలా వచ్చిందని ఒక్క క్షణం సంతోషమేసింది.

తర్వాత కాగితం మీద లెక్క వేశాను. నేను వాడింది 450 మిల్లీలీటర్ల నైట్రేట్ ద్రావణం. ఒక మిల్లీమోలార్ అంటే మిల్లీలీటరుకు దాదాపు 108 మైక్రోగ్రాముల వెండి. మొత్తం కలిపి 48.5 మిల్లీగ్రాములు. ఒక్క పరమాణువు కూడా వృథా కాకుండా అంతా రేణువులుగా మారినా పొడిలో వెండి 48.5 మించదు. మిగతా 22 మిల్లీగ్రాములు, ఇంకా ఎక్కువే కావచ్చు, తంగేడు ఆకుదే.

ఇది చిన్న విషయం కాదు. ఈ పొడిని తూచి 'మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల వెండి రేణువులు' అని రాస్తే అబద్ధం రాసినట్టే. అందుకే కొంత పొడిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, అందులో లోహం ఎంతుందో కొలిచే ఐసీపీ-ఎంఎస్ పరీక్షకు పంపాను. ఒక్కో శాంపిలుకు డబ్బు కట్టాలి, అయినా తప్పదు. ఇకనుంచి నా డోసులన్నీ అందులో తేలిన అసలు వెండి లెక్కలోనే రాస్తాను.

ఆగస్టు 22

మొదటి ఎంటీటీ, అంటే ఎన్ని కణాలు బతికున్నాయో చూసే రంగు పరీక్ష. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో వెల్‌కు ఏడు వేల కణాలు. అంచు వెల్స్‌లో నీరు తొందరగా ఆవిరైపోతుంది కాబట్టి వాటిలో కణాలు వేయకుండా పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం నింపాను. 24 గంటలు రేణువులతో ఉంచి ఎంటీటీ కలిపాను.

ఈ పరీక్షను మోస్మన్ 1983లో ప్రకటించాడు. బతికున్న కణం తన ఎంజైములతో పసుపు రంగు ఎంటీటీని ఊదా రంగు ఫార్మజాన్ స్ఫటికాలుగా మారుస్తుంది. వాటిని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదివితే, ఊదా ఎంత ఎక్కువుంటే అన్ని కణాలు బతికున్నట్టు.

ఫలితం చూస్తే డోసు పెరిగేకొద్దీ ఊదా తగ్గుతూ వచ్చింది. చివరి రెండు పెద్ద డోసుల్లో మాత్రం మళ్లీ పెరిగింది! అందరికంటే ఎక్కువ వెండి తిన్న కణాలు అందరికంటే బాగున్నాయట. ఎంటీటీ వేయకముందు ఆ వెల్స్‌ను నేను మైక్రోస్కోపులో చూశాను. కణాలు గుండ్రంగా ముడుచుకుని, సగానికి సగం అడుగు వదిలి తేలుతున్నాయి. నా కన్ను ఒకటి చెబుతోంది, ప్లేట్ రీడర్ ఇంకొకటి చెబుతోంది.

ఆ రెండు డోసులు తీసేసి గ్రాఫ్ గీస్తే అందంగా ఉంటుందని పక్క బెంచీ నుంచి ఒక సలహా వచ్చింది. మంచి మనసుతో చెప్పిందే. కానీ ఆ రెండు వెల్స్‌లో ఏం జరిగిందో తెలియకుండా మిగతా వెల్స్‌ను మాత్రం ఎలా నమ్మను?

ఆగస్టు 25

ఈసారి కణాలే లేవు. కణాలు పెరిగే పోషక ద్రవం, అంటే మీడియా, మాత్రమే ఉన్న వెల్స్‌లో ఒక వరుసకు రేణువులు, ఒక వరుసకు ఉత్త తంగేడు రసం, ఒక వరుసకు ఏమీ లేకుండా ఎంటీటీ కలిపాను.

నాలుగు గంటల తర్వాత ఏమీ లేని వరుస పసుపుగానే ఉంది. తంగేడు రసం వరుస ఊదా. రేణువుల వరుసా ఊదా.

కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ పనీ టానిన్‌దే. వెండి అయాన్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చి రేణువు చేసిన పదార్థమే ఎంటీటీకీ ఎలక్ట్రాన్ ఇచ్చి ఊదా చేస్తోంది. దానికి కణంతో పనే లేదు. అంటే చచ్చిన కణాలను నా పరీక్ష బతికున్న కణాలుగా లెక్క కట్టింది. దీనికి తోడు గోధుమ రంగు రేణువులు 570 దగ్గర కూడా కొంత కాంతిని అడ్డుకుంటాయి.

పద్ధతి మార్చాను. ఎంటీటీకి ముందు పాత మీడియా తీసేసి పీబీఎస్‌తో రెండుసార్లు కడగాలి. ప్రతి డోసుకూ కణాలు లేని జత వెల్ ఉండాలి. డీఎంఎస్ఓలో కరిగాక ప్లేటును తిప్పి, రేణువులు అడుగుకు దిగాక పైన తేటను కొత్త ప్లేటులోకి మార్చి చదవాలి. వీటన్నిటికీ పైన, చచ్చిన కణాలకే పట్టే ట్రిపన్ బ్లూ రంగు వేసి, గళ్లున్న గాజు పలక హీమోసైటోమీటర్ మీద కణాలను నేనే లెక్కపెట్టాలి. చచ్చిన కణం నుంచి బయటికి కారే ఎంజైమును కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్ష చేద్దామా అనుకున్నాం కానీ వెండి ఆ ఎంజైమునే పట్టుకుని పని చేయనివ్వదు. అదీ నమ్మకం లేదు.

సెప్టెంబరు 3

శని, ఆదివారాలు. మీడియా పులుపును నిలకడగా ఉంచే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయిపోయింది, ఎవరూ చూడలేదు. మీడియా గులాబీ రంగు పోయి వంగపండు రంగు తిరిగింది. ఫ్లాస్కులన్నీ పారబోశాను. లిక్విడ్ నైట్రోజన్ నుంచి కొత్త వయల్ కరిగించాను. మూడు వారాలు పోయినట్టే.

సెప్టెంబరు 12

కణాలు పెరిగేలోపు రేణువుల సంగతి చూశాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు టెమ్‌లో 15 నుంచి 30 నానోమీటర్లు, చాలావరకు గుండ్రంగా. నీళ్లలో, కాంతి చెదిరే తీరును బట్టి సైజు కొలిచే డీఎల్ఎస్ పెడితే 70 దాకా చూపించింది. అందులో తప్పు లేదు. టెమ్ ఎండిన లోహాన్ని చూస్తుంది, డీఎల్ఎస్ పూతతో, చుట్టూ ఉన్న నీటితో కలిపి కొలుస్తుంది.

సీరం (రక్తం నుంచి తీసిన తేట ద్రవం) లేని మీడియాలో పోశాక గంటకే 400 దాటింది. మీడియాలోని ఉప్పు రేణువుల మధ్య ఉన్న విద్యుత్ వికర్షణను చెరిపేస్తుంది, అవి ఉండకట్టుకుపోతాయి. అదే పది శాతం సీరం కలిపిన మీడియాలో ముందుగా కలిపితే 110 దగ్గర నిలబడింది. సీరంలోని ప్రోటీన్లు రేణువు మీద ఇంకో పొరలా అతుక్కుంటాయి. అంటే కణం తాకేది నేను తయారు చేసిన రేణువును కాదు, ప్రోటీన్ దుప్పటి కప్పుకున్న రేణువును. పైగా ఉండకట్టినవి త్వరగా అడుగుకు దిగి కణాల మీద కూర్చుంటాయి, విడిగా ఉన్నవి పైనే తేలతాయి. ఒకే డోసు పోసినా కణానికి అందేది ఒకటి కాదు. కాబట్టి ప్రతి ప్రయోగానికీ అప్పటికప్పుడు, ఒకే వరుసలో కలపాలి.

సెప్టెంబరు 20

ఈరోజు తెలిసింది బాధ పెట్టింది. క్యాన్సర్ కణాలతో పోల్చడానికి మామూలు ఊపిరితిత్తి కణాలు కావాలి కదా. ఫ్రీజర్‌లో ఎల్-132 ఉంది. డబ్బా మీద 'నార్మల్ లంగ్' అని రాసి ఉంది. చాలా పేపర్లలోనూ అలాగే వాడారు. వాడే ముందు తప్పుగా గుర్తించిన సెల్ లైన్ల జాబితా ఒకసారి చూడమని ల్యాబులోని అక్క చెప్పింది. చూశాను. ఎల్-132 ఆ జాబితాలో ఉంది. అవి హెలా కణాలు.

హెలా అంటే 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి, ఆమె అనుమతి అడగకుండానే తీసి పెంచిన కణాలు. విపరీతంగా పెరిగే ఆ కణాలు ఎన్నో ల్యాబుల్లో వేరే ఫ్లాస్కుల్లోకి చొరబడి వాటినే ఆక్రమించాయి. అంటే 'మా రేణువులు క్యాన్సర్ కణాన్ని చంపాయి, మామూలు కణాన్ని వదిలేశాయి' అని ఎల్-132తో చెప్పిన ప్రతిచోటా నిజంగా పోల్చింది ఒక క్యాన్సర్‌ను ఇంకో క్యాన్సర్‌తో.

డబ్బా మీద ఎర్ర స్కెచ్‌తో 'హెలా' అని రాసి పెట్టాను. నా తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలి. ఎంఆర్‌సీ-5 కోసం మేడమ్ ఇండెంట్ పెట్టారు. అవి పిండం ఊపిరితిత్తి నుంచి వచ్చిన ఫైబ్రోబ్లాస్టులు, అంటే కణజాలాన్ని పట్టి ఉంచే కణాలు. శ్వాసనాళపు పైపొర కణాలైన బీస్-2బీ అయితే ఇంకా దగ్గరి పోలిక. కానీ వాటి ప్రత్యేక మీడియా ఖర్చు మా గ్రాంటుకు అందదు.

అక్టోబరు 1

బతుకమ్మకు ఊరికి వెళ్లాను. సద్దుల రోజు చెరువు కట్ట మీదకు వరసకు చిన్నాయన ఒకాయన వచ్చి పక్కకు పిలిచాడు.

"బిడ్డా, తంగెడాకుతోని క్యాన్సర్ సస్తదట గదా. మీ నాయన జెప్పిండు. మీ చిన్నమ్మకు కషాయం వోస్తే అయితదా?"

చిన్నమ్మకు ఊపిరితిత్తి క్యాన్సర్ అని రెండు నెలల కింద తేలింది. బీడీ ముట్టిన మనిషి కాదు. ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో చూపిస్తున్నారు.

ఏం చెప్పాలి? నేను చూసింది ప్లాస్టిక్ గిన్నెలో కణాల మీద పోసిన రేణువులను. ఉత్త ఆకు కషాయం తాగితే కడుపులో ఏమవుతుందో, రక్తంలోకి ఎంత పోతుందో, ఊపిరితిత్తి దాకా ఏమైనా చేరుతుందో, నా ప్రయోగంలో ఒక్క ముక్క కూడా లేదు. గిన్నెలో కణాలను ఉప్పు ఎక్కువైనా చంపుతుంది, సబ్బు నీళ్లయినా చంపుతాయి.

"వద్దు చిన్నాయనా. నేను చేసేది మందు గాదు. కషాయం లివర్ మీద పడి డాక్టర్లు ఇచ్చే గోలీల పని చెడగొట్టొచ్చు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "జీన్ టెస్టు రాసిండ్రా? ఈజీఎఫ్ఆర్ అంటరు. పొగ తాగని ఆడోళ్లల్ల ఆ మార్పు దొరికే అవకాశం ఎక్కువ. దొరికితే దానికి సరిగ్గా పనిచేసే గోలీలు ఉన్నయి. ఈసారి పోయినప్పుడు గా రిపోర్టు సంగతి అడుగు" అని ఫోన్‌లో తెలుగులో టైపు చేసి పంపాను. రెండుసార్లు చదివించాను.

రాత్రి నాన్నతోనూ మాట్లాడాను. ఆకు పంపుతున్నందుకు ఆయనకు గర్వం, అది నలుగురితో చెప్పుకున్నాడు. కోప్పడలేదు, విడమరిచి చెప్పాను. ఈ డైరీలో పెద్ద అక్షరాల్లో రాసి పెట్టుకోవాల్సింది ఇదే: నేను ల్యాబు బయట చెప్పే ఒక్కో వాక్యం ఎవరింటి గుమ్మం దాకా పోతుందో నాకు తెలియదు.

అక్టోబరు 16

కొత్త పద్ధతిలో మొదటి పూర్తి ప్లేట్లు. కడిగి, తేటను మార్చి చదివితే ఆ వెనక్కి తిరిగిన వంపు పోయింది. ట్రిపన్ బ్లూ లెక్కతో సరిపోయింది. ఐసీపీ-ఎంఎస్‌లో పొడిలో వెండి 54 శాతం అని వచ్చింది కాబట్టి డోసులన్నీ దిద్దుకున్నాను.

ఈసారి నాలుగు వరుసలు పక్కపక్కన పెట్టాను. రేణువులు, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్, రేణువుల ద్రావణాన్ని గట్టిగా తిప్పి పైన మిగిలిన తేట, ఉత్త తంగేడు రసం. తేట దాదాపు ఏమీ చేయలేదు. రసం పెద్ద డోసులో కొంచెం తగ్గించింది. రేణువులు చంపాయి. సిల్వర్ నైట్రేట్ ఇంకా తక్కువ వెండితోనే చంపింది, మీడియాలోని క్లోరైడ్ కొంత అయాన్‌ను సిల్వర్ క్లోరైడ్‌గా దించేస్తున్నా సరే.

తేటలో విషం లేదు కాబట్టి రేణువు బయట కరిగి చంపడం లేదు. నాకు నమ్మదగ్గదిగా కనిపిస్తున్న దారి ఇది: కణం రేణువును మింగుతుంది, అది లైసోసోమ్‌లోకి (కణం తనలోకి వచ్చినవాటిని అరిగించుకునే సంచి) చేరుతుంది, అక్కడి పులుపుకు, పీహెచ్ ఐదుకు అటూఇటూ, మెల్లగా కరిగి అయాన్లను లోపలే వదులుతుంది. బయట నుంచి వచ్చే అయాన్‌ను ఆపడానికి కణానికి కొన్ని అడ్డుకట్టలు ఉన్నాయి. ఇది ఆ అడ్డుకట్టలన్నీ దాటాక సంచి విప్పుతుంది.

పాజిటివ్ కంట్రోలుగా, అంటే చంపుతుందని ముందే తెలిసిన మందుగా, సిస్‌ప్లాటిన్ వాడాను. ఫ్రీజర్‌లో డీఎంఎస్ఓలో కలిపి ఉంచిన పాత స్టాకు పారబోశాను. డీఎంఎస్ఓలోని సల్ఫర్ ప్లాటినమ్‌కు కట్టుకుని మందును చంపేస్తుంది. సెలైన్‌లో తాజాగా కలిపాను.

సిస్‌ప్లాటిన్ కథ నాకు ఈ నెలంతా తోడుంది. 1960లలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రోజెన్‌బర్గ్, బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావం చూద్దామని ప్లాటినమ్ ఎలక్ట్రోడ్లు పెట్టాడు. ఈ.కోలై అనే ఆ బ్యాక్టీరియా విభజన ఆగిపోయి పొడవాటి దారాల్లా పెరిగింది. ఆపింది కరెంటు అనుకుని వదిలేసి ఉంటే ఆ మందే లేదు. ఒక్కొక్కటీ విడదీసి చూస్తే ఎలక్ట్రోడ్ నుంచి కరిగిన ప్లాటినమ్ సమ్మేళనం అని తేలింది. 1965లో పేపరు, 1978లో అమెరికాలో అనుమతి. ఇవాళ్టికీ ఊపిరితిత్తి క్యాన్సర్ కీమోలో అదో ముఖ్యమైన మందు.

నవంబరు 4

ఆక్సిజన్ రాడికల్స్ (కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు) ఉంటే వెలిగే డీసీఎఫ్‌హెచ్-డీఏ రంగు వేసి చూశాను. రేణువులు తిన్న కణాలు మూడు గంటలకే ఆకుపచ్చగా వెలిగాయి. ఆక్సిజన్ రాడికల్స్ పెరిగాయని అర్థం. రాడికల్స్‌ను ఆపే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ముందుగా ఇచ్చిన కణాల్లో వెలుగు తగ్గింది, కణాలూ బతికాయి. దారి దొరికిందని మేడమ్ గదికి పరిగెత్తాను.

మేడమ్ గ్రాఫ్ చూసి బోర్డు మీద సిస్టీన్ బొమ్మ గీసి, చివర సల్ఫర్ చుట్టూ సున్నా చుట్టారు. "ఇది రాడికల్‌ను ఆపిందా, వెండినే పట్టేసుకుందా?" అన్నారు. పట్టు బట్ట మీది వెండి దారం నల్లబడేది సల్ఫర్ వల్లే. వెండికి సల్ఫర్ అంటే అంత బంధం. నాకు తట్టనే లేదు.

నవంబరు 27

సల్ఫర్ లేని యాంటీ ఆక్సిడెంట్ ట్రోలాక్స్‌తో మళ్లీ చేశాను. మూడుసార్లు, మూడు వేర్వేరు పాసేజ్‌లతో. ఆకుపచ్చ వెలుగు తగ్గింది. కణాలు మాత్రం చచ్చాయి.

రాడికల్స్ వస్తున్నాయి, నిజమే. కానీ చావుకు అవి మొదటి కారణం కాకపోవచ్చు. కణంలో సల్ఫర్ ఉన్న రక్షక పదార్థం గ్లూటాథయోన్‌ను, ప్రోటీన్లలోని సల్ఫర్‌ను వెండి పట్టుకోవడమే ముందు జరిగి, రాడికల్స్ దాని వెనక వస్తూ ఉండొచ్చు. నెల కింద నా సినాప్సిస్‌లో (పరిశోధన సారాంశం) రాసిన బాణాల బొమ్మను కొట్టేశాను. గ్లూటాథయోన్‌ను గంట గంటకూ కొలవాలి.

డిసెంబరు 15

ఎంఆర్‌సీ-5 వచ్చి నెల దాటింది. రెండు రకాల కణాలనూ ఒకే రోజు, ఒకే గొట్టం నుంచి పోసిన రేణువులతో పరీక్షించాను. ఎంఆర్‌సీ-5 కూడా చచ్చాయి. వాటిలో సగం చావడానికి కావాల్సిన డోసు ఏ549 డోసుకు ఒకటిన్నర రెట్లు కూడా లేదు. అవి మెల్లగా పెరిగే కణాలు కాబట్టి ఆ కాస్త తేడా కూడా పెరుగుదల తేడా వల్లే కావచ్చు. అలాగే రాశాను. నా రేణువులు క్యాన్సర్ కణాన్ని ఎంచుకుని చంపడం లేదు.

కాలనీ పరీక్ష కూడా ఇవాళే ముగిసింది. పన్నెండు రోజుల కింద చిన్న డోసులో, అంటే ఎంటీటీ 'ఏమీ కాలేదు' అన్న డోసులో, 24 గంటలు ఉంచిన ఏ549 కణాలను కడిగి, గిన్నెకు మూడు వందల చొప్పున చల్లి వదిలేశాను. క్రిస్టల్ వయొలెట్ రంగు పోసి నీళ్లతో కడిగితే, వెండి తగలని కంట్రోలు గిన్నెలో ఊదా చుక్కలు ఒత్తుగా తేలాయి. వెండి గిన్నెలో అందులో సగం కూడా లేవు. ఒక్కో చుక్కలో యాభై కణాలకు పైగా ఉంటేనే కాలనీ అని లెక్క. స్కెచ్ పెన్నుతో గిన్నె వెనక చుక్క పెడుతూ రెండుసార్లు లెక్కించాను. మరుసటి రోజుకు బతికున్నట్టు కనిపించిన కణాల్లో చాలావాటికి మళ్లీ విభజన చెందే శక్తి పోయింది. ఎంత కాలానికి పోతుందో, తిరిగి వస్తుందో తెలియాలంటే రోజుల వారీగా మళ్లీ చల్లాలి.

ఇక మిగిలింది పూత సంగతి. ఇదే సైజు రేణువులు ఆకు లేకుండా చేసి పక్కన పెట్టి చూడాలి. లీ, మైసెల్ 1982లో చెప్పిన సిట్రేట్ పద్ధతి: మరుగుతున్న సిల్వర్ నైట్రేట్‌లో సోడియం సిట్రేట్ పోయడం. అందులో సైజులు ఒక్క తీరుగా రావు, తిప్పి వేరు చేసుకోవాలి. గాజు సామానంతా ఆక్వా రీజియా అనే ఘాటైన ఆమ్లాల మిశ్రమంతో కడిగి ఆరబెట్టాను.

సాయంత్రం నాన్న ఫోన్. చిన్నమ్మ రిపోర్టు వచ్చిందట, ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందన్నారట, గోలీలు మొదలుపెట్టారట. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. తర్వాత అడిగాడు, "గట్టు మీద తంగెడు మంచిగుంది బిడ్డా, ఇంకో సంచి తెంపాల్నా?"

"ఇప్పుడొద్దు నాన్నా. ఈ నెల ఆకు లేకుండా చేస్తున్న."

"ఆకు లేకుంటే ఎట్లా?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను, ఇరవై నిమిషాలు విన్నాడు.